లక్నో గోడ దగ్గర నల్ల కళాసీ

కొన్నేళ్ళ కిందట ఒక సెమినార్‌లో 1857 తిరుగుబాటు మీద పేపరు చదివాను. అయిపోగానే ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "అంతా బాగానే ఉందయ్యా, ఉత్తరాదంతా తెల్లవాడి మీద తిరగబడుతుంటే మీవాళ్ళు ఎటున్నారు?" అని అడిగాడు. సభలో కొందరు నవ్వారు. 'మీవాళ్ళు' అంటే ఎవరో ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. నేను తడబడుతూ ఊదాదేవి పేరు చెప్పాను, ఝల్కారీబాయి పేరు చెప్పాను. ఆయన సరేనన్నట్టు తల ఊపి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. మా ఇంట్లో నాకన్నా ముందు ఏ బడి హాజరుపట్టీలోనూ ఎవరి పేరూ ఎక్కలేదు. అందుకేనేమో, ఎవరైనా పేరు పిలిస్తే చాలు, 'ఉన్నానండీ' అని లేచి నిలబడతాం. ఆ రోజు నేను చేసింది అదే. ఆ పట్టీ ఎవరు రాశారు, పిలిచే పెత్తనం ఆయనకి ఎక్కడిది అని అడగాలని తోచలేదు.

ఆ తర్వాత లక్నో యుద్ధం గురించి చదువుతుంటే ఒక నల్లజాతి నావికుడు ఎదురయ్యాడు. పేరు విలియం హాల్. 1857 నవంబర్ 16న లక్నోలో బ్రిటిష్ నౌకాదళం ఫిరంగి దగ్గర నిలబడి విక్టోరియా క్రాస్ సంపాదించినవాడు. నల్లజాతి వాళ్ళలో ఆ పతకం అందుకున్న మొట్టమొదటి మనిషి. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుపోయిన దంపతుల కొడుకు. మనం బడిలో, కాలేజీలో చదివిన 1857 పాఠంలో ఇతను లేడు. ఇతని కథ తెలిశాకే ఆ పెద్దాయన ప్రశ్నలో తప్పెక్కడుందో నాకు అర్థమైంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

తల్లిదండ్రులు ఎక్కిన ఓడ

హాల్ కథ లక్నోకి 40 ఏళ్ళ ముందు, అమెరికా తూర్పు తీరంలో మొదలవుతుంది. 1812లో అమెరికాకీ బ్రిటన్‌కీ యుద్ధం వచ్చింది. 1814 ఏప్రిల్‌లో బ్రిటిష్ వైస్ అడ్మిరల్ కాక్రన్ ఒక ప్రకటన చేశాడు. అమెరికా వదిలి రాదలచుకున్నవాళ్ళెవరైనా బ్రిటిష్ ఓడలెక్కవచ్చు, ఇష్టమైతే సైన్యంలో చేరవచ్చు, లేదంటే బ్రిటిష్ వలసల్లో స్వేచ్ఛగా స్థిరపడవచ్చు అని దాని సారాంశం. ఆ ప్రకటనలో 'బానిస' అన్న మాటే లేదు. అయినా అది ఎవరి చెవిన పడాలో వాళ్ళ చెవిన పడింది. చెసపీక్ అఖాతం చుట్టూ ఉన్న తోటల్లోంచి బానిసలు రాత్రుళ్ళు పడవలేసుకుని, పిల్లాజెల్లలతో సహా బ్రిటిష్ యుద్ధనౌకల దగ్గరికి చేరారు. అలా బయటపడినవాళ్ళు సుమారు 4 వేలమంది. వాళ్ళలో దాదాపు 2 వేలమందిని కెనడా తీరంలోని నోవా స్కోషియాకి తీసుకెళ్ళారు. జేకబ్ హాల్, లుసిండా ఆ జనంలోవాళ్ళే.

బ్రిటిష్‌వాళ్ళు ఈ పని దయతో చేశారని అనుకోవద్దు. శత్రువు తోటల్లో పనిచేసే చేతుల్ని లాగేసుకోవడం వాళ్ళ యుద్ధతంత్రం. అదే సమయంలో కరీబియన్ దీవుల్లో వాళ్ళ సొంత చెరుకు తోటల్లో బానిసలు పనిచేస్తూనే ఉన్నారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1834లో. నోవా స్కోషియాలో శరణార్థులకి ఇచ్చినవి కూడా రాళ్ళ నేలలు, చిన్న చిన్న ముక్కలు. చాలామందికి ఏళ్ళ తరబడి వాటి మీద పట్టా లేదు. బీడు చూపించి భూమి ఇచ్చామనడం, పట్టా మాత్రం దగ్గర పెట్టుకోవడం మనకి కొత్త సంగతి కాదు గదా.

అయినా ఒక్క తేడా ఉంది, అది చిన్న తేడా కాదు. బిడ్డని తల్లి ఒడిలోంచి తీసి సంతలో అమ్మే హక్కు అక్కడ ఎవరికీ లేదు. 1820ల చివర్లో పుట్టిన విలియం, అమ్మకానికి పెట్టడానికి వీల్లేని బిడ్డగా పుట్టాడు. ఆ స్వేచ్ఛ వాళ్ళింటికి బ్రిటిష్ నౌకాదళం ఓడ మీద వచ్చింది. ఎందుకిచ్చారన్నది ఇచ్చినవాళ్ళ లెక్క. తీసుకున్నవాళ్ళకి అది ప్రాణం. ఈ రెండూ వేరువేరుగా చూడకపోతే హాల్ ఎవరో మనకి అర్థం కాడు.

కళాసీ పని

హాల్ కుర్రతనంలో హాంట్స్‌పోర్ట్ ప్రాంతంలో చెక్క ఓడలు కట్టే చోట పనిచేశాడు. 17 ఏళ్ళకి వ్యాపార ఓడ ఎక్కాడు. ఆ రోజుల్లో నల్లవాళ్ళు సముద్రం మీదికి పోవడం అరుదేమీ కాదు. 19వ శతాబ్దం మొదట్లో అమెరికా ఓడల మీద కళాసీ పనుల్లో ఐదో వంతుకి దగ్గరగా నల్లవాళ్ళే ఉన్నారని చరిత్రకారుడు జెఫ్రీ బోల్‌స్టర్ లెక్కగట్టాడు. గట్టు మీద దొరకని కూలి ఓడ మీద దొరికేది. తుఫానులో తాడు లాగేవాడి ఒంటిరంగు చూసుకుంటూ కూర్చుంటే ఓడ మునుగుతుంది. అందుకని ఓడలో సమానత్వం ఉందనుకోవద్దు. కెప్టెన్ గదికీ కళాసీల అరకీ మధ్య దూరం ఎక్కడికీ పోలేదు. కాకపోతే పని వచ్చినవాడి పని కంటికి కనపడేది.

హాల్ కొంతకాలం అమెరికా నౌకాదళంలో ఉన్నాడు. 1852లో లివర్‌పూల్ రేవులో బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. క్రిమియా యుద్ధంలో ఓడ ఫిరంగుల్ని గట్టుకి దించి, సెవస్తపోల్ కోట మీద గుళ్ళు కురిపించిన నావికుల దళంలో పనిచేశాడు. ఓడ ఫిరంగిని నేల మీద నడపడం అక్కడే అలవాటైంది. 1857 నాటికి 'షానన్' అనే ఆవిరి యుద్ధనౌకలో ఫోర్‌టాప్ కెప్టెన్ అయ్యాడు. పేరులో కెప్టెన్ అని ఉందిగాని అది ఆఫీసరు పదవి కాదు. ముందు తెరచాప కొయ్య మీదికెక్కి పనిచేసే కళాసీలకి మేస్త్రీ లాంటివాడు. ఆ పని ఓడలో ఆరితేరినవాళ్ళకే అప్పగిస్తారు.

షానన్ చైనా మీద యుద్ధానికి వెళ్ళిన ఓడ. హిందుస్తాన్‌లో సిపాయిలు తిరగబడ్డారన్న కబురుతో దాన్ని వెనక్కి తిప్పి 1857 ఆగస్టులో కలకత్తా చేర్చారు. కెప్టెన్ విలియం పీల్ ఓడ ఫిరంగుల్ని దించి, నాలుగొందల పైచిలుకు నావికుల్ని వెంటబెట్టుకుని గంగ మీద ఎదురు ప్రవాహంలో అలహాబాద్ వెళ్ళాడు. అక్కణ్ణించి రోడ్డు మీద కాన్పూరు, లక్నో. బరువైన ఫిరంగుల్ని లాగినవి ఎడ్లు. ఆ ఎడ్లని తోలినవాళ్ళు, దెబ్బతిన్నవాళ్ళని డోలీల్లో మోసిన బోయీలు, తోలుతిత్తుల్లో నీళ్ళు మోసినవాళ్ళు అందరూ ఈ దేశం మనుషులే. ఏ పక్క సైన్యం నడిచినా దాని కింద నలిగే భుజాలు వాళ్ళవి. పతకాల జాబితాలో వాళ్ళ పేర్ల కోసం వెతకడం వృథా.

నవంబర్ 16

లక్నో రెసిడెన్సీలో బ్రిటిష్‌వాళ్ళు నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుని ఉన్నారు. వాళ్ళని బయటికి తేవడానికి సర్ కోలిన్ కాంబెల్ సైన్యం నవంబర్ 16న నగరం తూర్పు వైపు నుంచి లోపలికి దూసుకొచ్చింది. దారిలో మొదట తగిలింది సికందర్ బాగ్. ఎత్తయిన ప్రహరీ ఉన్న తోట. అది పడ్డాక, అక్కణ్ణించి నడిచిపోయేంత దూరంలోనే షా నజఫ్. అవధ్ పాలకుడు ఘాజీఉద్దీన్ హైదర్ సమాధి ఉన్న కట్టడం. దాని చుట్టూ మందపాటి గోడ, గోడ కంతల్లోంచి తిరుగుబాటు సిపాయిల తుపాకులు.

పీల్ తన ఫిరంగుల్ని గోడకి అతిదగ్గరగా తీసుకెళ్ళాడు. 24 పౌన్ల గుండు పేల్చే ఫిరంగి అది. దాన్ని ఒక్కడు నడపలేడు. పేలినప్పుడల్లా అది వెనక్కి తంతుంది. గొట్టాన్ని తడిగుడ్డ కట్టిన కర్రతో తుడవాలి, మందు సంచీ పెట్టాలి, గుండు దోపాలి, దట్టించాలి, తాళ్ళతో మళ్ళీ ముందుకి లాగాలి, గురిచూసి నిప్పు పెట్టాలి. ఒక్కో పనికి ఒక్కో మనిషి. ఒకడు పడిపోతే వాడి పని పక్కవాడి మీద పడుతుంది. ఒక ఫిరంగికి మనిషి తక్కువైతే హాల్ తనంతట తాను ముందుకొచ్చాడు. గోడ మీంచి వచ్చే గుళ్ళకి ఆ జట్టులో ఒక్కొక్కరే కూలిపోయారు. చివరికి నిలబడ్డది ఇద్దరు. ఒంటినిండా గాయాలతో ఉన్న లెఫ్టినెంట్ థామస్ యంగ్, విలియం హాల్. జట్టంతా కలిసి చెయ్యాల్సిన పని ఆ ఇద్దరే చేస్తూ పోయారు.

గోడ చివరికి వాళ్ళ గుళ్ళకే బద్దలైందని ఒక కథనం. ఫిరంగులు గోడని కదిలించలేకపోయాయని, చీకటి పడ్డాక హైలాండర్ల సార్జెంటు ఒకడు వెనకవైపు కంత కనిపెట్టాడని ఇంకో కథనం. ఏది నిజమైనా హాల్ చేసిన పనిలో తగ్గేదేమీ లేదు. గోడ కూలడం లెక్క కాదు, మనుషులంతా పడిపోయాక కూడా ఫిరంగిని వదలకపోవడం లెక్క.

1859 ఫిబ్రవరి 1న లండన్ గెజిట్‌లో పతకం ప్రకటించారు. యంగ్‌కీ హాల్‌కీ కలిపి ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యంలోనే యంగ్ పక్కన 'ఇప్పుడు కమాండర్' అని ఉంది. అంటే ఈలోపే ఆయనకి పదవి పెరిగింది. హాల్ మాత్రం 1876లో కొలువు వదిలేనాటికి పెటీ ఆఫీసరు. కళాసీగా చేరినవాడు ఆఫీసరు కావడం తెల్లవాడికైనా దాదాపు అసాధ్యం, అది వర్గం సంగతి. అయినా ఒకే ఫిరంగి దగ్గర, ఒకే వాక్యంలో నిలబడ్డ ఇద్దరి దారులు ఎలా చీలిపోయాయో చూడండి.

గోడకి అవతల

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది మరుగునపడిన వీరుడి కథ. చదివి గర్వపడవచ్చు. కానీ హాల్ ఫిరంగి ఎవరి మీద పేలింది అన్న ప్రశ్న దగ్గర మనం ఆగాలి.

అదే రోజు, షా నజఫ్‌కి కాస్త ముందు, సికందర్ బాగ్‌లో సుమారు 2 వేలమంది తిరుగుబాటుదార్లని చంపారు. బయటికి పోయే దారి లేదు, లొంగిపోయే వీలూ ఇవ్వలేదు. వాళ్ళలో ఎక్కువమంది సిపాయిలు. ఆనాటి ఉత్తరాది జనం సిపాయిని 'తిలంగా' అని పిలిచేవాళ్ళు. తొలిరోజుల్లో కంపెనీ దుస్తులేసుకున్న సిపాయిలు తెలుగు ప్రాంతం నుంచి వచ్చారు కాబట్టి ఆ పేరు పడింది. తర్వాత ఏ ఊరివాడైనా, ఏ కులంవాడైనా సిపాయి అయితే తిలంగాయే. మన నేల పేరు లక్నో వీధుల్లో అలా వినపడేది.

ఆ తోటలో ఒక రావిచెట్టు మీద కూర్చుని కొందరు తెల్ల సైనికుల్ని కాల్చి చంపిన మనిషి గురించి 93వ హైలాండర్ల పటాలంలో పనిచేసిన ఫోర్బ్స్ మిచెల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. కాలిస్తే కిందపడింది. దగ్గరికెళ్ళి చూస్తే ఆడమనిషి. అతను ఆమె పేరు రాయలేదు. అతనికి తెలిసే దారీ లేదు. ఆమె ఊదాదేవి, మా ఆడబిడ్డ అని చెప్పినవాళ్ళు పాసీలు. ఆమె భర్త మక్కా పాసీ అంతకు కొన్ని నెలల ముందే చిన్‌హట్ యుద్ధంలో చనిపోయాడని కూడా వాళ్ళే చెప్తారు. ఏటా నవంబర్ 16న వాళ్ళు సికందర్ బాగ్ దగ్గర ఆమె విగ్రహం చుట్టూ చేరతారు. కాగితం వదిలేసిన పేరుని కులం తన జ్ఞాపకంలో దాచుకుంది.

ఇంకొక సంగతి ఉంది, ఇది నన్ను చాలా రోజులు వెంటాడింది. అదే పటాలంలోని గోర్డన్ అలెగ్జాండర్ అనే ఆఫీసరు కూడా తన అనుభవాలు రాశాడు. సికందర్ బాగ్ శవాల్లో కొందరు ఆఫ్రికన్ స్త్రీలు ఉన్నారని, వాళ్ళు తీవ్రంగా పోరాడారని, చనిపోయాకగాని ఆడవాళ్ళని తెలియలేదని అతని మాటల సారం. అవధ్ నవాబుల కొలువులో హబ్షీలు ఉండేవాళ్ళు, మగవాళ్ళే కాదు ఆడవాళ్ళు కూడా. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి బానిస వ్యాపారులు అరేబియా సముద్రం మీదుగా తెచ్చి అమ్మితే నవాబులు కొని, కాపలాకీ కొలువుకీ పెట్టుకున్న మనుషుల సంతతి. ఇది ఎక్కడో దూరపు సంగతి అనుకోవద్దు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఎ.సి. గార్డ్స్ అని బస్సు మీద రోజూ చదువుతాం గదా, ఆ అక్షరాలకి అర్థం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికన్ గుర్రపుదళం ఉన్న చోటు అది. వాళ్ళ వారసులు ఆ బస్తీలో ఇప్పటికీ ఉన్నారు. నేనూ ఎన్నో ఏళ్ళు ఆ పేరు చదువుతూ పోయినవాణ్ణే, అర్థం అడగలేదు.

ఇప్పుడు ఆ రోజు మొత్తాన్ని కలిపి చూడండి. ఒక సముద్రం మీద అమ్ముడుపోయిన ఆఫ్రికన్ల మనవడు గోడకి ఇవతల బ్రిటిష్ ఫిరంగి పేలుస్తున్నాడు. ఇంకో సముద్రం మీద అమ్ముడుపోయిన ఆఫ్రికన్ల ఆడబిడ్డలు అంతకు కొన్ని గంటల ముందే, పక్క తోటలో, నవాబు వైపు చచ్చిపోయారు. అదే తోటలో ఒక పాసీ స్త్రీ. వీళ్ళెవరూ ఆ యుద్ధాన్ని తెచ్చినవాళ్ళు కాదు. గెలిస్తే వీళ్ళకి రాజ్యం రాదు. ఒకరికొకరు పగవాళ్ళు కావడానికి వీళ్ళ మధ్య ఏమీ లేదు. అయినా ఆ రోజు వాళ్ళు ఒకరికొకరు ఎదురుగా ఉన్నారు.

పతకం గుమ్మం

ఆ ఒక్క రోజు యుద్ధానికి 24 విక్టోరియా క్రాస్‌లు ఇచ్చారు. ఒక్క రోజుకి అన్ని ఇవ్వడం ఆ తర్వాత ఎప్పుడూ జరగలేదు. మరి బ్రిటిష్ వైపే పోరాడిన భారతీయ సిపాయిలకి? ఒక్కటి కూడా లేదు. విక్టోరియా క్రాస్ 1856లో పుట్టింది. భారతీయ సైనికులు దానికి అర్హులైంది 1911లో. అప్పటిదాకా వాళ్ళకి వేరే పతకం ఉండేది. వేరే బావి, వేరే గ్లాసు ఉన్నట్టే.

హాల్‌కి ఆ గుమ్మం ఎందుకు తెరుచుకుంది? అతను రాణి నౌకాదళంలో పేరు రాయించుకున్నవాడు. నియమం రంగుని కాదు, కొలువుని చూసింది. ఈ చిన్న సందులోంచి ఒక నల్లవాడు లోపలికొచ్చాడు. అంటే ధైర్యం ఒక్కటే పతకం తేలేదు. ధైర్యాన్ని చూసే కళ్ళున్న ఆఫీసరు, రాసే కాగితం, రాయనిచ్చే నియమం, ఈ మూడూ ఉండాలి. ఈ మూడిట్లో ఒక్కటి లేకపోయినా మనిషి 'ఒకడు' అయిపోతాడు, 'ఒక ఆడమనిషి' అయిపోతుంది. చరిత్రలో మనవాళ్ళు లేరనేవాళ్ళు ముందు ఈ గుమ్మం సంగతి చెప్పాలి.

పతకం తర్వాత

1859 అక్టోబర్ 28న ఐర్లాండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో హాల్‌కి పతకం తొడిగారు. దానితోబాటు ఏడాదికి 10 పౌన్ల పింఛను. 1876లో కొలువు వదిలి నోవా స్కోషియా వెళ్ళి, అక్కాచెల్లెళ్ళతో కలిసి చిన్న పొలం చేసుకున్నాడు. 1901లో బ్రిటిష్ యువరాజు హాలిఫాక్స్ వచ్చినప్పుడు ఆ ముసలి నావికుడి ఛాతీ మీది పతకాన్ని గుర్తుపట్టి పలకరించాడు. 1904 ఆగస్టులో హాల్ చనిపోయాడు. సైనిక లాంఛనాలు లేవు. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 1940ల్లోగాని అతని అవశేషాల్ని హాంట్స్‌పోర్ట్ బాప్టిస్ట్ చర్చి దగ్గరికి మార్చి గుర్తుగా స్తూపం కట్టలేదు.

ఒక్క హాల్‌ని మర్చిపోయి ఊరుకున్నా అదొక మాట. అతను పోయిన పదేళ్ళకి మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అతని నోవా స్కోషియాలోనే నల్ల కుర్రవాళ్ళు సైన్యంలో చేరతామని పోతే, ఇది తెల్లవాళ్ళ యుద్ధమని తిప్పి పంపారు. చివరికి 1916 జులైలో 2వ నిర్మాణ పటాలం అని ఒకటి వేరే పెట్టారు. తుపాకులు కాదు, గొడ్డళ్ళూ పారలూ ఇచ్చారు. అడవులు కొట్టించారు, రోడ్లు వేయించారు. ఈ అవమానానికి కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2022లో. ఇక కెనడా నౌకాదళం సంగతి చూస్తే, రెండో ప్రపంచయుద్ధం వచ్చాక కూడా తెల్లజాతి వాళ్ళే చేరాలన్న నియమం దానికుంది. 1943లోగాని దాన్ని తీసెయ్యలేదు. హాల్ బతికొచ్చి ఆ దేశం నౌకాదళంలో చేరతానన్నా చేర్చుకునేవాళ్ళు కాదు. ఆ నౌకాదళమే ఇప్పుడు ఒక ఓడకి విలియం హాల్ పేరు పెట్టుకుంది. ఆ ఓడ 2023లో వాళ్ళకి అందింది. 2010లో తపాలాబిళ్ళ కూడా వేశారు.

గోడకి అవతలివాళ్ళ గతి ఏమైంది? 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. తర్వాత పాసీలని కూడా దాని కిందికి తెచ్చారు. పుట్టుకతోనే నేరస్తులు అన్నారు. ఆ చట్టం ఎలాంటిదో స్టువర్టుపురం ఎరుకలవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రిటిష్ వైపు ఉన్నవాళ్ళకైనా మేలు జరిగిందా అంటే అదీ లేదు. 1818 కోరేగావ్ యుద్ధంలో కంపెనీ తరఫున నిలబడి పీష్వా సైన్యాన్ని నిలువరించిన మహర్లని, 1890ల మొదట్లో 'యుద్ధజాతి' కారనే వంకతో సైన్యంలో చేర్చుకోవడం మానేశారు. రామ్‌జీ సక్పాల్ సుబేదారుగా పనిచేసిన సైన్యంలోకి ఆయన కులం కుర్రవాళ్ళకి దారి మూసేశారు. పని ఉన్నప్పుడు వీరుడు, పని తీరాక అంటరానివాడు. నోవా స్కోషియాలోనూ ఇదే, కొంకణంలోనూ ఇదే.

ప్రశ్నని తిప్పి అడగాలి

ఇప్పుడు మొదటికొద్దాం. మీవాళ్ళు ఎటున్నారు?

దీనికి మనలో రెండు రకాల జవాబులు చెప్తున్నాం. మావాళ్ళూ దేశభక్తులే అని ఊదాదేవిని చూపిస్తాం. లేదా, మాకు బ్రిటిష్‌వాడే మేలు చేశాడు, మాకు 1857తో పనేంటి అంటాం. రెంటికీ బలముంది. పీష్వాల రాజ్యం మళ్ళీ వస్తే ఏమవుతుందో తెలిసిన ఫూలే 1857ని మెచ్చుకోలేదు. ఆయనే 1873లో 'గులాంగిరి' పుస్తకాన్ని నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. కంపెనీ సైన్యంలో అంటరానివాళ్ళు పోరాడటాన్ని ద్రోహం అన్నవాళ్ళకి బాబాసాహెబ్ అంబేద్కర్ సూటిగా జవాబు చెప్పారు. తమని మనుషులుగా చూడని సమాజం కోసం వాళ్ళు ఎందుకు నిలబడాలన్నది ఆయన వాదన సారం.

హాల్ కథ ఈ వాదాన్ని బలపరుస్తుంది, ఒక హద్దు కూడా గీస్తుంది. తల్లిదండ్రుల్ని సంకెళ్ళ నుంచి తప్పించిన ఓడల మీద నమ్మకం పెట్టుకోవడం హాల్ తప్పు కాదు. అతణ్ణి తెల్లవాడి తొత్తు అనే హక్కు, తన పొలంలో పాలేరుని కట్టుబానిసగా ఉంచుకున్నవాడికి అసలు లేదు. అయినా సికందర్ బాగ్‌లో 2 వేల శవాలు పడిన సైన్యంలోనే అతనున్నాడన్న నిజాన్ని మనం దాచకూడదు. దాస్తే మనమూ వాళ్ళు రాసినట్టే చరిత్ర రాసినవాళ్ళం అవుతాం, పేర్లు మాత్రమే మారతాయి. హాల్ ధైర్యం నిజం. ఊదాదేవి ధైర్యం నిజం. పేరు లేని ఆ ఆఫ్రికన్ స్త్రీల ధైర్యం నిజం. వీళ్ళని ఒకరిమీదికొకర్ని తోలిన రెండు రాజ్యాల్లో ఏదీ వీళ్ళది కాదన్నదీ అంతే నిజం.

కాబట్టి మనవాళ్ళు ఎటున్నారు అంటే, అన్నివైపులా ఉన్నారు. ఫిరంగి దగ్గర ఉన్నారు, చెట్టు మీద ఉన్నారు, ఎడ్లబండి ముందున్నారు, డోలీ కింద ఉన్నారు. అడగాల్సింది వాళ్ళు ఎటున్నారని కాదు. ఆ రెండు వైపుల్నీ గీసిందెవరు, యుద్ధం అయ్యాక భూమి ఎవరికి మిగిలింది, పింఛను ఎవరికి దక్కింది, ఎవరి పేరు రాశారు అని అడగాలి. ఈ ప్రశ్నలు అడిగితే మనకి వీరుల జాబితా ఒక్కటే కాదు, చరిత్ర దొరుకుతుంది.

విద్యార్థి మిత్రులకి, టీచర్లకి ఒక విన్నపం. హాల్ గురించి తెలుసుకోవడానికి గెజిట్‌లో కనీసం ఒక వాక్యం ఉంది. మన పల్లెల్లో చాలామంది విషయంలో ఆ వాక్యం కూడా లేదు. మద్రాసు సైన్యంలో, ఓడరేవుల్లో, యుద్ధకాలపు కూలిదళాల్లో పనిచేసిన తాతముత్తాతల కాగితాలు, పతకాలు, ఫొటోలు మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో రేకుపెట్టెల అడుగున ఉన్నాయి. కొన్నిటిని చెదలు తింటున్నాయి. ఎ.సి. గార్డ్స్ బస్తీలో పెద్దవాళ్ళు తమ ముత్తాతలు ఏ ఓడ మీద వచ్చారో ఇళ్ళల్లో విన్నది చెప్తారు. వెళ్ళి కూర్చుని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, తేదీ వెయ్యండి, చెప్పినవాళ్ళ పేరు రాయండి. వాళ్ళు ఎవరి పక్షాన పోరాడారన్నది ముందే తీర్పు చెప్పుకుని వెళ్ళొద్దు. ముందు పేరు రాయండి.